గంగిరెద్దు దేనికి తలూపింది?

2022 నవంబరులో ఒక సాయంత్రం సత్తెనపల్లి నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. "ఏరా అల్లుడూ, మీ యాప్ గంగిరెద్దులా ఉందేందిరా? ఏ ఆకు చూపించినా తలూపుద్ది" అన్నాడు.

అప్పట్లో మా టీమ్ మిరప ఆకు ఫోటో చూసి తెగులేమిటో చెప్పే మోడల్ ఒకటి తయారుచేస్తోంది. మిరప పండించే ఇళ్ళలో పుట్టనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్తాను. ఆకుముడత రెండు రకాలు. తామర పురుగులు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి తిరిగి దోనెలా అవుతుంది, అది పైముడత. నల్లి పీలిస్తే అంచులు కిందికి తిరిగి ఆకు బోర్లించిన పడవలా ఉంటుంది, అది కింది ముడత. రెంటికీ కొట్టే మందులు వేరు. 2021–22 పంటకాలంలో నల్ల తామర పురుగు గుంటూరు మిరపని చావుదెబ్బ తీశాక, ఈ తేడాని ఫోన్ పట్టుకోగలిగితే బావుంటుందని చాలామందికి అనిపించింది. మాకూ అనిపించింది. ఆఫీసులో పెట్టిన పరీక్షలన్నీ మా మోడల్ పాసయింది. తీరా మామయ్య తన చేలో నిగనిగలాడుతున్న మొక్కని ఫోటో తీసి చూపిస్తే, ఏ మాత్రం తడబడకుండా తామర పురుగు అంది.

మామయ్యకి ఆకు చూడటం వచ్చు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. ట్రయల్‌లో ఉన్న ఇంకో రైతు మాత్రం ఆ మాట నమ్మి అక్కర్లేని మందు ఒక ట్యాంకు కొట్టాడు. మందు డబ్బులు, కూలి డబ్బులు, ఆ పూట ఆయన పీల్చిన గాలి, ఇవన్నీ మా ఖాతాలోవే. మందు డబ్బులు, కూలి డబ్బులు ఇచ్చేశాం. ఆ తర్వాత చాలా రోజులు నన్ను తొలిచిన ప్రశ్న ఒకటే. మోడల్ ఆ ఫోటోలో దేన్ని చూసి తలూపింది?

ఈ ప్రశ్న నా వృత్తిలో పుట్టింది కాదు. వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే వందేళ్ళ కిందట బెర్లిన్‌లో ఒక గుర్రం దగ్గర ఆగింది. ఇంకా వెనక్కి వెళ్తే మా అమ్మమ్మ ఇంటి వాకిట్లో, ఒక గంగిరెద్దు దగ్గర ఆగింది.

*

2007 సంక్రాంతి. నేను ఇంటర్ రెండో సంవత్సరం. సత్తెనపల్లి అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. పండగ మూడు రోజులూ పుస్తకాలు ముట్టుకోనని అమ్మతో ఒప్పందం చేసుకుని అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. కనుమ రోజు పొద్దున్నే సన్నాయి వినిపించింది. వాకిట్లో ముగ్గు తొక్కకుండా గంగిరెద్దుని ఓ పక్కగా నిలబెట్టారు. కొమ్ములకి రంగు, వాటి చివర కుచ్చులు, వీపు మీద అతుకుల బొంత, మెడలో గంటలు. "అమ్మగారికి దండం పెట్టు బసవన్నా" అంటే ముందుకాలు మడిచి తల వంచింది. "అయ్యగారు ధోవతి ఇస్తారా?" అంటే తలూపింది. మా అమ్మమ్మ నన్ను ముందుకి తోసింది. ఎద్దుని ఆడించే ఆయన నన్ను ఎగాదిగా చూసి "చినబాబుగారికి ఎంసెట్‌లో మంచి ర్యాంకొచ్చిద్దా బసవన్నా?" అన్నాడు. ఎద్దు మూడుసార్లు గట్టిగా తలూపింది. అమ్మమ్మ చేటెడు బియ్యం, తాతయ్య పాత పంచె ఇచ్చింది.

ర్యాంకు గురించి ఎక్కువ చెప్పను. సీటైతే వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళు మా ఇంట్లో అదే జోకు. మూడుసార్లు తలూపింది కదా, ర్యాంకులో అంకె అలా ఒకటి పెరిగి ఉంటుందని.

"గంగిరెద్దులా తలూపడం" అంటే మన భాషలో బుర్ర వాడకుండా ఒప్పుకోవడం. మీటింగుల్లో, అసెంబ్లీలో, పెళ్ళిచూపుల్లో ఎవరు ఆ పని చేసినా ఈ మాటే అంటాం. ఎద్దుకి మాట అర్థం కాదు కాబట్టి అది చేసేది ఉత్త తలూపుడని మన తీర్మానం. ఇందులో మొదటి సగం నిజమే. రెండో సగం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

*

గంగిరెద్దు ఆట చూడని తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామంది ఉంటారు గానీ ఆ కథ వినని వాళ్ళు తక్కువ. ప్రతి వినాయక చవితికీ చేతిలో అక్షింతలు పట్టుకుని, ఉండ్రాళ్ళ కోసం ఎదురుచూస్తూ వినే వ్రతకథలో అది ఉంది. గజాసురుడు శివుణ్ణి తన కడుపులో ఉండమని వరం అడుగుతాడు. పార్వతి వెళ్ళి విష్ణువుతో మొరపెట్టుకుంటుంది. ఆయన యుద్ధానికి వెళ్ళడు. నందిని గంగిరెద్దుగా అలంకరించి, బ్రహ్మాది దేవతల చేతికి తలో వాయిద్యం ఇచ్చి, తానే ఆడించేవాడై గజాసురపురానికి మేళంతో వెళ్తాడు. రాక్షసుడు ఆట చూసి మురిసిపోయి ఏం కావాలో కోరుకోమంటాడు. శివుణ్ణి ఇమ్మంటారు. ఎదురుగా ఉన్నది ఎవరో గజాసురుడికి అప్పుడు అర్థమవుతుంది. విష్ణువు ప్రేరేపించగానే నంది కొమ్ములతో అతని పొట్ట చీలుస్తుంది.

చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు వింటే ఒకచోట ఆగిపోతున్నాను. ఊరంతా చూస్తోంది, రాక్షసుడు చూస్తున్నాడు, మేళం మోగుతోంది. అంతమంది మధ్య విష్ణువు ఎద్దుకి ఆ సంగతి ఎలా చెప్పాడు? కన్నుతోనా, భుజంతోనా, డోలు దెబ్బ మార్చా? కథ కట్టినవాళ్ళకి ఆటలో కీలకం ఏమిటో తెలుసు. ఆడించేవాడికీ ఎద్దుకీ మధ్య ఒక మాట నడుస్తుంది. అది చూసేవాళ్ళకి కనపడదు. కథంతా దాని మీదే నిలబడింది.

కథలో దేవుళ్ళు చేసిన పనిని ఊళ్ళలో చేసినవాళ్ళు సంచార కుటుంబాలవాళ్ళు. గంగిరెద్దులవారని ప్రభుత్వ జాబితాలో బీసీ-ఎ కింద కనిపిస్తారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి ఏడు సంపుటాలుగా అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలోనూ వాళ్ళ గురించి ఉంది. ఎద్దుకి రాముడని, ఆవుకి సీత అని పేరు పెట్టి పెళ్ళి చేయడం, ఆడించేవాడు నేల మీద వెల్లకిలా పడుకుంటే ఎద్దు అతని గుండెల మీద కాలు మోపడం, ఇవన్నీ పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. గుండెల మీద మోపిన ఆ కాలు ఎంత బరువు మోపాలో ఎద్దుకి తెలుసు. తెలియకపోతే ఆ ఆట ఒక్కసారితో ముగిసేది.

ఇక ఎద్దు వైపు నుంచి ఆలోచిద్దాం. పశువుల కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. మనకి ఎదురుగా ఉన్న సగమే కనపడితే, వాటికి తల తిప్పకుండానే తోక వెనక కాస్త మేర తప్ప దాదాపు చుట్టూరా కనపడుతుంది. రంగులు గుర్తించే కణాలు మన కంట్లో మూడు రకాలు, వాటి కంట్లో రెండే. కాబట్టి మనం దాని వీపు మీద వేసిన ఎర్రబొంత ఎరుపు మన కోసమే, దానికి ఆ ఎరుపు మనకున్నంత ఎరుపు కాదు. కానీ కదలికని పట్టుకోవడంలో దాని కన్ను చురుకు. ఆడించేవాడు ఎద్దు మెడ పక్కన నిలబడతాడు. జనం దృష్టి ఎద్దు మొహం మీద ఉంటుంది. ఎద్దు దృష్టి మాత్రం పక్కనున్న మనిషి మీద ఉంటుంది, అదీ మెడ తిప్పకుండా. ఆటంతా ఈ ఏర్పాటు మీద నడుస్తుంది.

"అమ్మగారికి దండం పెట్టు" అనే క్షణంలో ఎద్దుకి అందేది ఒక్క మాట కాదు. గొంతులో ఒక ఎత్తు, డోలు మీద ఒక దరువు, పగ్గంలో ఒక చిన్న లాగుడు, కర్ర పట్టుకున్న చెయ్యి కొద్దిగా లేవడం, భుజం ఒక పక్కకి వాలడం, అన్నీ ఒకేసారి అందుతాయి. ఒక మూట. ఆ మూటలో ఏ పోగు పట్టుకుని అది కాలు మడుస్తోంది? ముక్కుతాడు సంగతి కూడా మర్చిపోకూడదు. ఆ పోగుల్లో ఒకటి నొప్పి. ఈ విద్యని మెచ్చుకుంటూ దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు.

వ్యవసాయం చేసిన ఇళ్ళలో ఈ మూట సంగతి ఎప్పటినుంచో తెలుసు. మా తాతయ్య దగ్గర పత్తిచేలో గుంటక తోలే ఎడ్ల జత ఉండేది. ఒకటి దాపటిది, ఒకటి వలపటిది. అంటే ఎడమ పక్కది, కుడి పక్కది. అదే కాడి, అదే చేను, అదే గొంతు, కానీ పక్కలు మార్చి కడితే రెండూ తికమకపడేవి. అదిలింపు వినగానే అటు తిరగాల్సింది ఇటు తిరిగేవి. "పని నేర్చుకోవడమంటే చోటు కూడా నేర్చుకోవడంరా" అనేవాడాయన. మనం నేర్పింది అదిలింపు అనుకున్నాం. ఎద్దు నేర్చుకుంది అదిలింపు, పక్క, తోడు, మూడూ కలిపి.

*

ఇదే చిక్కు 1904లో బెర్లిన్‌ని పట్టుకుంది. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారు, తన హన్స్ అనే గుర్రానికి కొన్నేళ్ళపాటు బడిపిల్లాడికి చెప్పినట్టే కూర్చుని పాఠాలు చెప్పాడు. హన్స్ కూడికలు చేసేది, భిన్నాలు చేసేది, తేదీలు చెప్పేది. జవాబు అంకె ఎంతో అన్నిసార్లు కాలిగిట్టతో నేలని తట్టేది. అవుననడానికి, కాదనడానికి తల ఆడించేది. రంగు గుడ్డలు పరిచి ఒక రంగు అడిగితే ఆ గుడ్డ తెచ్చేది. ఓస్టెన్ ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. మోసమనడానికి వీల్లేకుండా పోయింది. కార్ల్ స్టుంఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాయకత్వంలో పదమూడు మంది సంఘం సెప్టెంబరులో కూర్చుంది. అందులో సర్కస్ యజమాని, జంతుప్రదర్శనశాల డైరెక్టరు కూడా ఉన్నారు. కావాలని చేస్తున్న మోసమేదీ కనపడలేదని తేల్చింది.

ఆ తర్వాత స్టుంఫ్ శిష్యుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ రంగంలోకి దిగాడు. అతను చేసిన పని వింటే సులువు. మూటలోంచి ఒక్కొక్క పోగూ తీసేస్తూ పోయాడు. ఓస్టెన్‌ని పక్కన పెట్టి వేరేవాళ్ళతో అడిగించాడు. హన్స్ చెప్పింది. అడిగేవాడికే జవాబు తెలియకుండా చేశాడు. హన్స్ చెప్పలేకపోయింది. గానుగెద్దుకి కట్టినట్టు కళ్ళకి గంతలు కట్టాడు. అడిగేవాళ్ళు కనపడకపోతే హన్స్ తప్పులు చేసింది, తల తిప్పి మరీ చూడటానికి పెనుగులాడింది. అడిగేవాడు దూరం జరిగేకొద్దీ తప్పులు పెరిగాయి.

చివరికి తేలింది ఇది. ప్రశ్న అడిగాక మనిషి తనకి తెలియకుండానే గుర్రం కాలు చూడటానికి కొద్దిగా ముందుకి వంగుతాడు. హన్స్ తట్టడం మొదలుపెడుతుంది. సరైన అంకె రాగానే అతని బిగువు సడలి తల ఓ వెంట్రుకవాసి పైకి లేస్తుంది. హన్స్ ఆపేస్తుంది. రంగు గుడ్డలప్పుడు అడిగేవాడి ఒళ్ళు ఎటు తిరిగి ఉందో అటు వెళ్ళేది. ఫుంగ్‌స్ట్ ఆ తర్వాత తానే హన్స్ పాత్ర వేశాడు. ఎదుటి మనిషి మనసులో ఒక అంకె అనుకుంటే, అతని తల కదలిక చూస్తూ చేత్తో బల్ల తట్టి ఆ అంకె దగ్గర ఆగేవాడు. పిలిచిన ఇరవై అయిదు మందిలో ఇరవై ముగ్గురు తమకి తెలియకుండానే ఆ సైగ ఇచ్చారు. పుస్తకం 1907లో వచ్చింది. ఓస్టెన్ దాన్ని నమ్మలేదు. గుర్రం మీదే కోపం తెచ్చుకుని, 1909లో చనిపోయాడు.

హన్స్ కథని సాధారణంగా పరువు పోయిన కథగా చెప్తారు. తెలివైనదనుకున్న గుర్రం తెలివితక్కువదని తేలిన కథగా. నాకలా అనిపించదు. పదమూడు మంది పండితులు కళ్ళు పెట్టుకుని చూసి పట్టుకోలేని కదలికని ఒక గుర్రం రోజూ పట్టుకుంది. దానికి లెక్కలు రాకపోవచ్చు, మనుషులు వచ్చు.

గంగిరెద్దుకీ హన్స్‌కీ ఒక తేడా ఉంది, అది నాకు ముఖ్యమనిపిస్తుంది. బెర్లిన్‌లో గుర్రానికి తెలుసు, మాస్టారికి తెలియదు. సత్తెనపల్లి వాకిట్లో ఎద్దుకీ తెలుసు, ఆడించేవాడికీ తెలుసు, తెలియనిది మాకే. ఫుంగ్‌స్ట్ ప్రయోగాలు చేసి కనిపెట్టింది ఆ ఇళ్ళలో బతుకుతెరువు. తండ్రి పక్కన నడుస్తూ కొడుకు నేర్చుకున్న పని. అది పుస్తకం కాలేదు కాబట్టి విజ్ఞానం లెక్కలోకి రాలేదు, బిచ్చం లెక్కలోకి వెళ్ళింది.

*

గుర్రం ముగిసిన చోట ప్రయోగశాలలు మొదలయ్యాయి. రష్యాలో పావ్‌లోవ్ ల్యాబు కుక్కలకి రెండు సూచనలు కలిపి ఇచ్చి అన్నం పెట్టింది. తర్వాత ఒక్కొక్కటీ విడిగా ఇచ్చి చూస్తే, బలమైన సూచనకి నోరూరింది, బలహీనమైనదానికి దాదాపు ఏమీ లేదు. ఆ రెండోది ప్రతిసారీ కళ్ళ ముందు ఉంది, అయినా మొదటిదాని నీడలో పడిపోయింది.

1961లో రెనాల్డ్స్ చేసిన ప్రయోగం నాకు అన్నిటికంటే ఇష్టం. రెండే పావురాలు. ఎర్రటి నేపథ్యం మీద తెల్ల త్రికోణం వెలిగినప్పుడు ముక్కుతో పొడిస్తే గింజలు వస్తాయి. ఆకుపచ్చ మీద తెల్ల వృత్తం వెలిగితే రావు. రెండూ చక్కగా నేర్చుకున్నాయి. చూసేవాడికి రెండూ ఒకే పాఠం నేర్చుకున్నట్టు ఉంటుంది. తర్వాత త్రికోణాన్ని విడిగా, ఎరుపుని విడిగా చూపించాడు. ఒక పావురం ఎరుపుని పొడిచింది, త్రికోణాన్ని పట్టించుకోలేదు. రెండోది త్రికోణాన్ని పొడిచింది, ఎరుపుని పట్టించుకోలేదు. ఒకే బడి, ఒకే మాస్టారు, నూటికి నూరు మార్కులు, కానీ తలకెక్కిన పాఠాలు రెండు.

ఇది చదివిన రాత్రి మా మోడల్‌కి ఏమైందో నాకు అర్థమైంది. తామర పురుగు పట్టిన చేలలో రైతులు నీలం జిగురు అట్టలు కడతారు. ఆ పురుగుకి నీలమంటే ఆకర్షణ, వచ్చి అతుక్కుంటుంది. పత్తిలో తెల్లదోమకి పసుపు అట్టలు కట్టేదీ ఇందుకే. మేం పైముడత ఫోటోలు తీయించింది ఎక్కువగా అలాంటి చేలలోనే. ఆకు వెనక, మసగ్గా, ఏదో మూల ఒక నీలం ముక్క. కింది ముడత ఫోటోల్లో అది లేదు. ఆకు అంచు ఎటు తిరిగిందో చూడటం కష్టం, నీలం ఉందా లేదా చూడటం తేలిక. మా మోడల్ రెండో పావురం కాలేదు, మొదటిది అయింది. మామయ్య ఆ ఏడు ముందుజాగ్రత్తగా నీలం అట్టలు కట్టాడు. పురుగు వాలాల్సిన అట్ట మీద మా మోడల్ వాలింది.

ఇక్కడ నాలాంటివాళ్ళ చరిత్ర, జంతువుల చరిత్ర కలుస్తాయి. 1968–69 ప్రాంతంలో లియోన్ కామిన్ ఎలుకలతో ఇంకో సంగతి చూపించాడు. ముందు ఒక శబ్దం వినిపించి షాక్ ఇచ్చాడు. ఎలుక ఆ శబ్దానికి భయపడటం నేర్చుకున్నాక, శబ్దంతోపాటు లైటు కూడా కలిపి షాక్ ఇచ్చాడు. తర్వాత లైటు ఒక్కటే వెలిగిస్తే దానికి భయం లేదు. శబ్దం అప్పటికే అంతా చెప్పేసింది కాబట్టి లైటు కొత్తగా చెప్పేదేమీ లేదు. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ ఈ పోకడలన్నిటికీ కలిపి ఒక సూత్రం రాశారు. జంతువు అనుకున్నదానికీ జరిగినదానికీ ఎంత తేడా ఉంటే అంత నేర్చుకుంటుంది, ఆ తేడాని ఆ క్షణంలో కళ్ళ ముందున్న సూచనలన్నీ పంచుకుంటాయి. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఇది ఎక్కడో చూసినట్టుంటుంది. 1960లో విడ్రో, హాఫ్ యంత్రాల కోసం రాసిన సూత్రమూ ఇదే లెక్క. ఇవాళ్టి మోడల్స్ తప్పుల నుంచి నేర్చుకునే పద్ధతికి అది దగ్గరి చుట్టం. అంటే మా మోడల్ గంగిరెద్దులా ఉందని మామయ్య అన్నది తిట్టు కాదు, వంశవృక్షం.

కానీ ఈ కూడిక సూత్రానికి అందనిదొకటి ఉంది. ఉదాహరణకి తాతయ్య వెంట తిరిగే కుక్క ఒకటి ఉందనుకోండి. ఆయన కర్ర తీస్తే చేనుకి ప్రయాణం, కుక్క కూడా వెళ్ళొచ్చు. తలపాగా చుట్టినా చేనుకే. కర్రా తలపాగా రెండూ ఉంటే బస్సెక్కి గుంటూరు వెళ్తున్నట్టు, కుక్క ఇంట్లోనే ఉండాలి. కర్రకి ఆశ, తలపాగాకి ఆశ, రెండూ కలిస్తే రెట్టింపు ఆశ కావాలి కదా? కూడికకి తెలిసింది అంతే. రెండూ కలిస్తే వేరే అర్థమని తెలియాలంటే కలయికనే ఒక కొత్త వస్తువుగా చూడాలి. 1969లో మిన్స్కీ, పాపర్ట్ ఒక్క పొర పెర్సెప్ట్రాన్ ఇలాంటి లెక్క చేయలేదని నిరూపించి ఆ రంగం ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు. అది చేయాలంటే ఇంకో పొర కావాలి. జంతువులు మాత్రం ఆ పని చేస్తూనే ఉన్నాయి. 1987లో జాన్ పియర్స్, జంతువు సూచనల్ని విడదీసి కూడటం లేదు, మొత్తం దృశ్యాన్నే ఒకటిగా పట్టుకుంటుందని ఇంకో సిద్ధాంతం రాశాడు. 2002లో షూబర్ట్, గియుర్ఫా బృందం తేనెటీగల ముందు రంగుల్ని విడివిడిగా, కలిపి పెట్టి పరీక్షించారు. విడిగా ఉంటే తీపి, కలిసి ఉంటే లేదు అనే లెక్కని కూడా అవి నేర్చుకున్నాయి.

మా మామయ్య పత్తిచేలో తిరిగే తేనెటీగల్ని ఇప్పుడు కాస్త మర్యాదగా చూస్తున్నాను. పత్తిపువ్వు విచ్చుకున్న రోజు లేత పసుపు కలిసిన తెలుపు. మర్నాటికి గులాబీ రంగుకి తిరిగి ముడుచుకుంటుంది. రంగు, ఆకారం, పొద్దు, మూడూ కలిపి చదువుకునేవాడికి చేను ఒక పుస్తకం.

*

మొన్న సంక్రాంతికి సత్తెనపల్లి వెళ్ళాను. అమ్మమ్మ లేదు, ఇల్లు మామయ్యది. కనుమ రోజు గంగిరెద్దు వచ్చింది. ఎద్దు నుదుటి మీద క్యూఆర్ కోడ్ అట్ట కట్టి ఉంది. 2021 నవంబరులో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఇలాంటి వీడియో ఒకటి షేర్ చేస్తే దేశమంతా నవ్వుకుంది, మెచ్చుకుంది. నేను అట్ట చూడగానే ఆలోచించకుండా జేబులోంచి ఫోన్ తీశాను. నలుపు తెలుపు గళ్ళు, పక్కన చేయి చాపిన మనిషి. ఈ రెండూ కలిస్తే ఏం చేయాలో నాకూ ఎవరో నేర్పారు.

డబ్బు కొట్టాక, ఆడించే పెద్దాయన మంచినీళ్ళు తాగడానికి అరుగు మీద కూర్చున్నాడు. నేను ఎద్దు ముందు నిలబడి, ఆయన గొంతుని వీలైనంత అనుకరిస్తూ "మామయ్యకి ఈ ఏడు మిరపకి రేటు వస్తుందా బసవన్నా?" అన్నాను. ఎద్దు కదల్లేదు. ఇంకోసారి అడిగాను. చెవి మాత్రం ఆడించింది.

పెద్దాయన నవ్వాడు. "మీరడిగితే ఎందుకు ఊపుద్దయ్యా? మీరు దానికి ఎవరు?"

"మరి నీ మాట అర్థమవుతుందా తాతా?"

"మాట సంగతి నాకు తెలవదు. నేను అర్థమవుతా."

చెంబు కింద పెట్టి లేచి ఎద్దు మెడ పక్కకి వచ్చాడు. ఆయన ఏమీ అనలేదు, పగ్గం వదులుగానే ఉంది. నేను ఆయన భుజం మీదే కళ్ళు పెట్టుకుని చూశాను. ఏం కదిలిందో నాకు కనపడలేదు. ఎద్దు మూడుసార్లు తలూపింది. మామయ్య లోపల్నుంచి "ఆ రేటేదో యార్డు వాళ్ళకి కూడా చెప్పు బసవన్నా" అన్నాడు.

పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా అని అడిగాను. మనవడు గుంటూరులో ఐటీఐ చదువుతున్నాడట. "మంచిదేగా" అన్నాడు. మంచిదే. ఇంటింటికీ తిరిగి పాత పంచెలు అడుక్కోవడం ఎవరి పిల్లలకైనా మిగలాల్సిన వారసత్వం కాదు. కానీ ఆయనతోపాటు వెళ్ళిపోయేది మేళం మాత్రమే కాదు. ఇంకో ప్రాణి మనలో ఏం చూస్తోందో, దానికి మనం ఎలా కనపడుతున్నామో తెలిసి మసలుకునే ఒక చదువు కూడా వెళ్ళిపోతుంది. బెర్లిన్‌లో ఆ చదువుకి ఒక పుస్తకం మిగిలింది, మనకి ఒక తిట్టు మిగిలింది.

ఆఫీసులో ఇప్పుడు ఏ మోడల్ బయటికి పంపాలన్నా ముందు ఒక పరీక్ష పెడుతున్నాం. ఫోటోలో ఆకు మీద నల్లటి ముక్క కప్పి, చుట్టూ ఉన్నదంతా అలాగే వదిలేసి చూపిస్తాం. అప్పుడు కూడా తెగులు పేరు చెప్తే అది ఆకుని చూడటం లేదన్నమాట. దానికి టీమ్‌లో నేను పెట్టిన పేరు గంతల పరీక్ష. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరేంటని అడిగితే, ముందు ఆ రైతు కొట్టిన ట్యాంకు మందు గురించి చెప్పి, తర్వాత గంగిరెద్దు గురించి చెప్తాను. వాళ్ళు మర్యాదగా తలూపుతారు. వాళ్ళు దేనికి తలూపుతున్నారో కనుక్కోవడం ఇంకా నేర్చుకోవాలి నేను.